వాల్వు యాంప్లిఫయర్ ముచ్చట: 900 దిర్హాములతోని మొదటిది కొనాలంటే

ఇయ్యాల ఆదివారం, సైటు బంద్. కొంచెం పొడుగ్గ రాస్తున్న, చాయ్ పెట్టుకొని చదువుండ్రి.

మా పక్క రూమ్ల ఒక తమ్ముడు ఉంటడు, ఎలక్ట్రీషియన్. వచ్చే నెల సెలవు మీద ఇంటికి పోతుండు. వాళ్ల నాయిన ఒకప్పుడు రేడియోలు బాగుచేసే షాపు నడిపినాయన. వాల్వు రేడియోలు పోయినయి, తర్వాత టేపురికార్డర్లు పోయినయి, షాపు మూతబడ్డది. ఆ పెద్దాయనకు ఒక ట్యూబ్ యాంప్లిఫయర్ కొండవోవాలని ఈ తమ్ముడు 900 దిర్హాములు పక్కకు పెట్టిండు. మొన్న రాత్రి ఫోన్ తెచ్చి నాకు చూపెట్టిండు. చిన్న పెట్టె, పైన రెండు గాజు ట్యూబులు, వాటి కింద నుంచి నీలి లైటు, బ్లూటూత్, ముంగట 300 వాట్లు అని రాసుంది. బరువెంత అని అడిగిన. కేజీ సుత లేదన్నా, లగేజీల మంచిగ పడుతది అన్నడు.

ఆగు తమ్మీ అన్న. నీ నాయిన మూత ఇప్పి చూసిండంటే ఒక్క నిమిషంల అసలు సంగతి తెలిసిపోతది అన్న. ఎందుకు ఆగమన్ననో చెప్పాలంటే నూరేండ్ల పైమాటు కథ చెప్పాలె. ఆ రాత్రి సగమే చెప్పిన, నిద్రొచ్చింది. మిగతాది ఇక్కడ రాస్తున్న. నేను పది దాక చదివినోన్ని, ఇంజినీరును కాదు. కాని ఈ పిచ్చి నాకు ఎన్నో ఏండ్ల సంది ఉన్నది, చేతులు కాల్చుకొని నేర్చుకున్న, జేబు సుత కాల్చుకున్న.

మొదలు బల్బు కాన్నుంచి. అమెరికాల ఎడిసన్ 1880ల ఏండ్లల్ల తన బల్బుల గాజు లోపల నల్లగ అవుతున్నదని చూసిండు. ఎందుకని లోపల ఇంకో లోహపు ముక్క పెట్టి పరీక్ష చేస్తే, మధ్యల తీగ లేకున్నా ఎర్రగ కాలిన తీగ నుంచి ఆ ముక్కకు కరెంటు పోతున్నది. ఆయన దాన్ని పేటెంటు చేసి వదిలేసిండు. ఏం పనికొస్తదో తెలువలే. 1904ల ఇంగ్లండుల ఫ్లెమింగ్ అనే ఆయన అదే బల్బును రేడియో సిగ్నల్ పట్టుడుకు వాడిండు. కరెంటును ఒక్క దిక్కే పోనిస్తది కాబట్టి దానికి వాల్వు అని పేరు పెట్టిండు. నీళ్ల పైపుల ఉండే వాల్వు లెక్కనే. అందుకే ఇంగ్లండోళ్లు వాల్వు అంటరు, అమెరికోళ్లు ట్యూబ్ అంటరు. మనది ఇంగ్లండోళ్ల రాజ్యం కాబట్టి మన పెద్దోళ్లకు అది వాల్వే.

అసలు మలుపు 1906ల. అమెరికాల లీ డి ఫారెస్ట్ అనే ఆయన కాలే తీగకు, లోహపు పలకకు నడుమ ఇంకో సన్నటి తీగ పెట్టిండు. దాన్ని గ్రిడ్ అంటరు. సైటుల పెద్ద నీళ్ల పైపుకు చిన్న నల్లా చక్రం ఉంటది కదా. రెండు వేళ్లతోని తిప్పితే టన్ను నీళ్లు ఆగుతయి, తిప్పితే పోతయి. గ్రిడ్ అదే. దాని మీద చిన్న పాట సిగ్నల్ పెడితే, పలక దిక్కు పోయే పెద్ద కరెంటు ఆ పాట లెక్కనే ఎక్కువ తక్కువ అయితది. చిన్నది పెద్దదయింది. యాంప్లిఫయర్ అంటే ఇంతే, తర్వాత వచ్చినయన్నీ దీన్ని మంచిగ చేసుడే.

ఇప్పుడు మనసొంటోళ్లు వినాల్సిన సంగతి. ఈ యాంప్లిఫయర్‌ను ముందుగాల పెద్దగ వాడుకున్నది పాటల కోసం కాదు, దూరం ఫోన్ల కోసం. తీగల మీద గొంతు పోంగ పోంగ సన్నగయి మాయమైతుండె. అమెరికా టెలిఫోన్ కంపెనీ డి ఫారెస్ట్ దగ్గర 1913ల 50,000 డాలర్లకు ఆ హక్కులు కొన్నది. ట్యూబుల గాలి ఇంకా బాగ తీసి గట్టిగ చేసుకున్నది. 1915 జనవరిల న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాక ఫోన్ మాట్లాడిండ్రు, దేశం ఈ చివర నుంచి ఆ చివరకు. దారిల అక్కడక్కడ ట్యూబులు పెట్టి సన్నబడ్డ గొంతును మళ్ల లేపిండ్రు. నేను కొత్తగ వచ్చినప్పుడు టెలిఫోన్ కార్డు గీకి, నంబర్ కొట్టి, ఇంటోళ్ల గొంతు వినపడ్డదాక ఊపిరి పట్టుకొని నిలబడేటోన్ని. ఈ గాజు బుడ్డిని ముందుగాల పెద్దగ వాడింది ఆ పనికే అని చదివినప్పుడు దాని మీద నాకు ఇంకింత ప్రేమ అయింది.

అదే కంపెనీల పనిచేసే హెరాల్డ్ బ్లాక్ అనే ఇంజినీరు 1927ల పొద్దుగాల డ్యూటీకి పడవ మీద పోతుండె. చేతుల పేపర్ ఉండె. ఆ పేపర్ మీదనే ఒక లెక్క గీసుకున్నడు. బయటికొచ్చిన శబ్దంల కొంచెం తీసి వెనక్కి, ఉల్టా చేసి లోపలికి పంపితే, యాంప్లిఫయర్ చేసే తప్పు తనే దిద్దుకుంటది. దీన్నే నెగిటివ్ ఫీడ్‌బ్యాక్ అంటరు. డ్యూటీ బస్సుల మనం నిద్రపోతం, ఆయన లోకాన్ని మార్చిండు.

ఆ టైముకే సినిమాలకు మాట వచ్చింది. అమెరికాల 1927ల, మన దేశంల 1931ల ఆలం ఆరా, 1932ల తెలుగుల భక్త ప్రహ్లాద. మాట వచ్చిందంటే ప్రతి టాకీసుకు యాంప్లిఫయర్ కావాలె, అప్పుడు ట్యూబ్ తప్ప వేరే దారి లేదు. 1938ల వచ్చిన 300బి అనే ట్యూబ్ ఇప్పటికీ పేరున్నది. ఒక్క ట్యూబ్ పెడితే 8 వాట్ల సుమారు వస్తది. ఇంత తక్కువ వాట్లతోని హాలు ఎట్ల నిండింది అని అడుగుతరు. ఆ కాలం స్పీకర్లు పెద్ద పెద్ద హారన్లు. కరెంటును శబ్దం చేసుడుల హారన్ చాలా పొదుపు మనిషి. ఈ మాట యాదిల పెట్టుకోండ్రి, కింద మళ్ల పనికొస్తది. 300బి మాత్రం మొదటిసారి కొనేటోళ్లు చూడనే వద్దు. మంచి జత ట్యూబుల పైసలతోనే మనకు మొత్తం యాంపు వస్తది.

ఇగ ఇండ్లల్లకు వచ్చిన కథ. రెండో ప్రపంచ యుద్ధం అయినంక 1947ల విలియమ్సన్ అనే స్కాట్లండ్ కుర్ర ఇంజినీరు వైర్‌లెస్ వరల్డ్ అనే ఇంగ్లండ్ పత్రికల ఒక సర్క్యూట్ అచ్చేసిండు. కెటి66 ట్యూబులు రెండు, 15 వాట్లు, హెరాల్డ్ బ్లాక్ చెప్పిన ఫీడ్‌బ్యాక్ బాగ వాడిండు. ఇంట్ల ఇంత శుభ్రమైన శబ్దం వస్తదని అప్పటిదాక ఎవరూ అనుకోలే. దేశదేశాల జనం దాన్ని చూసి చేసుకున్నరు. కాని ఒక్కటే తిప్పలు, దాని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చానా బరువు, చానా ఖరీదు. జీతగానికి అందేది కాదు.

ఈ ట్రాన్స్‌ఫార్మర్ సంగతి సమజ్ చేసుకుంటె సగం మోసాలు తప్పుతయి. ట్యూబ్ ఎక్కువ వోల్టేజి, తక్కువ కరెంటు ఇస్తది. స్పీకరుకు కావాల్సింది దానికి ఉల్టా, తక్కువ వోల్టేజి, ఎక్కువ కరెంటు. ట్యూబ్‌ను సీదా స్పీకరుకు కలిపితే పని కాదు. నడుమ ఇనుప పలకల మీద రాగి తీగ చుట్టిన దిమ్మ పెట్టాలె. ఈ ఇనుము, రాగి మంచిగ లేకపోతే లోపల ఎంత పేరున్న ట్యూబ్ పెట్టినా కింది స్వరం ఇంకిపోతది. యాంపు ఖరీదుల పెద్ద భాగం దీనిదే, బరువుల సుత దీనిదే. అందుకే బరువెంత అని అడిగిన నేను.

జీతగానికి అందేది 1954ల వచ్చింది. ఇంగ్లండుల మల్లార్డ్ అని ట్యూబుల కంపెనీ ఉండె, ఫిలిప్స్‌ది. దాని పెద్ద ఫ్యాక్టరీ బ్లాక్‌బర్న్‌ల. ట్యూబులు అమ్ముడుపోవాలంటే జనానికి సర్క్యూట్ చేతుల పెట్టాలె అని వాళ్లకు తెలుసు. అట్ల ఇచ్చిందే 5-10. పేర్లనే లెక్క ఉన్నది, ఐదు వాల్వులు, పది వాట్లు. ముందు ఇఎఫ్86, తర్వాత ఇసిసి83, చివర ఇఎల్84 జత, కరెంటు సాఫు చేసే వాల్వు ఒకటి. ఇంట్ల కూసొని సోల్డరింగ్ కాడతోని చేసుకున్నరు. ఇంకా తక్కువ పైసలున్నోళ్లకు 3-3 అని, మూడు వాల్వులు మూడు వాట్లది సుత ఇచ్చిండ్రు. నా లెక్కల ట్యూబ్ యాంపుల చరిత్రల పెద్దమనిషి పని ఇదే. ఖరీదైనది చేసుడు గొప్పే, కాని తక్కువల మంచిది చేసి, అందరికీ చూపెట్టుడు ఇంకా గొప్ప.

ఇఎల్84 అంటే భయపడకుండ్రి, అది గుర్తు భాష. ఇ అంటే లోపలి హీటరుకు 6.3 వోల్టులు. ఎల్ అంటే పవర్ పెంటోడ్, స్పీకరును నడిపేది. 8 తోని మొదలయితే చిన్న తొమ్మిది కాళ్ల ట్యూబ్. ఇఎల్34 ల 3 అంటే ఎనిమిది కాళ్ల పెద్ద అడుగు. ఇసిసి83 ల రెండు సి లు అంటే ఒక్క గాజుల రెండు ట్రయోడులు. ఇంగ్లండు, యూరప్ ట్యూబులకు ఇది. అదే ఇఎల్84 ను అమెరికోళ్లు 6బిక్యూ5 అంటరు, రష్యాల 6పి14పి అంటరు, చైనా పెట్టెల మీద 6పి14 అని ఉంటది. మనిషి ఒక్కడే, పాస్‌పోర్టులు నాలుగు. షాపుల పేర్లు చూసి పరేషాన్ కావద్దు.

అమెరికాల ఇదే పని డైనాకో చేసింది. 1959ల స్టీరియో 70 అనే కిట్. ఇఎల్34 నాలుగు, ఒక్కో చానెల్‌కు 35 వాట్లు, ఖరీదు 99.95 డాలర్లు. చిన్న భాగాలన్నీ ముందే ఒక బోర్డు మీద బిగించి ఇస్తరు, కొన్నోడు వైర్లు కలుపుకుంటె సాయంత్రానికి పాట వస్తది. 3 లక్షల పైన అమ్ముడుపోయినయి. అది సుమారు 14 కేజీల బరువు. ఇప్పటికీ పాతవి నడుస్తున్నయి.

మన దిక్కు ఇండ్లల్ల పాట కోసం యాంపు కొనుక్కునే తాహతు ఎవరికున్నది. మన ట్యూబులు రేడియోల ఉండె, మైకు సెట్టుల ఉండె. బెంగళూరుల భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి ఫిలిప్స్ సాయంతోని రేడియో వాల్వులు మన దేశంలనే చేసింది. రేడియో పెట్టుకోవాలంటే పోస్టాఫీసుల లైసెన్సు కట్టాలె. మా మేనమామకు మైకు సెట్టు ఉండె. పెండ్లిళ్లకు, బతుకమ్మకు, వినాయకునికి కిరాయి. నేను చిన్నపిలగాన్ని, ఆయన స్విచ్ వేసినంక గాజులల్ల ఎర్ర తీగ మెల్లగ వెలిగేది చూసుకుంట కూసునేటోన్ని. వేడెక్కినదాక పాట రాకపోయేది. చెట్టుకు కట్టిన రెండు హారన్లతోని పక్క ఊరిదాక ఘంటసాల వినపడేది. పైన చెప్పిన హారన్ పొదుపు ఇదే.

ఒకసారి కరెంటు ప్లగ్గు పీకినంకనే మామ లోపల చెయ్యి పెట్టిండు. ఆయినా కొట్టింది, గోడ దాక పోయి పడ్డడు. లోపల కండెన్సర్లు ప్లగ్గు తీసినంక సుత వందల వోల్టులు పట్టుకొని ఉంటయి. అప్పుడు నవ్వినం. ఇప్పుడు సైటుల సేఫ్టీ ట్రైనింగుల కూసున్నప్పుడు అది యాదికొస్తే నవ్వు రాదు. తర్వాత ఆ సెట్టు పాతదయిందని పాత సామాన్లాయనకు అమ్మేసిండు. ఆయన గాజులు పారేసి, ట్రాన్స్‌ఫార్మర్లల్ల రాగి ఎంతుంటదని తాసు వేసి కొన్నడు. ఇప్పుడు ఆ దిమ్మల కోసమే నేను పైసలు పెడుతున్న.

ట్యూబును ఎల్లగొట్టింది ఎవరంటే, మళ్ల ఆ టెలిఫోన్ కంపెనీనే. వాళ్ల బెల్ ల్యాబ్స్‌ల 1947 డిసెంబర్‌ల ట్రాన్సిస్టర్ పుట్టింది. చూడుండ్రి, విలియమ్సన్ సర్క్యూట్ వచ్చిన ఏడాదిల్నే. ట్రాన్సిస్టర్‌కు హీటర్ వద్దు, వందల వోల్టులు వద్దు, సరిగ్గ చేస్తే ట్రాన్స్‌ఫార్మర్ సుత వద్దు. 1960ల ఏండ్లల్ల ఇండ్లల్ల యాంపులన్నీ అట్ల మారినయి. తర్వాత మన ముందటి తరం గల్ఫుకొచ్చినోళ్లు ఇంటికి కొండవోయిన జపాన్ టూ-ఇన్-వన్‌లు అన్నీ ట్రాన్సిస్టర్‌వే. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల దిక్కు రేడియో షాపులల్ల వాల్వు పని ఎప్పుడు పోయిందో మా తమ్ముని నాయిననడిగితే బాగ చెప్తడు.

మరి ట్యూబులు ఇంకా ఎట్ల దొరుకుతున్నయి? రెండు కారణాలు. ఒకటి గిటారోళ్లు. గిటారు యాంపు ట్యూబుదే కావాలంటరు వాళ్లు, దాని గొంతు వేరంటరు. వాక్స్ ఎసి30 ల నాలుగు ఇఎల్84 లే ఉంటయి. రెండోది కమ్యూనిస్టు దేశాలు. 1976ల రష్యా పైలట్ ఒకాయన మిగ్-25 విమానం తోలుకొని జపానుల దిగి శరణు అడిగిండు. అమెరికోళ్లు ఇప్పి చూస్తే రాడార్, రేడియోలల్ల ఇంకా ట్యూబులే. నవ్వుకున్నరు. కాని పడమటి దేశాల ఫ్యాక్టరీలు ఒక్కొక్కటి మూతబడ్డంక, గిటారోళ్లకు, పాటలోళ్లకు దిక్కయింది ఆ దేశాలే. రష్యాల సరాతోవ్, స్లొవేకియాల జెజె, చైనా ఫ్యాక్టరీలు. నవ్వినోళ్లే లైన్ల నిలబడి కొన్నరు. 2022ల ఉక్రెయిన్ యుద్ధం మొదలయినంక రష్యా ట్యూబులు రావుడు తిప్పలై రేట్లు పెరిగినయి. మన 900 దిర్హాములల్ల ఆ యుద్ధం సుత కొంచెం ఉన్నది.

ఇప్పుడు తమ్ముని ఫోన్ల ఉన్న నీలి లైటు పెట్టెకు వద్దాం. అసుంటి దాంట్ల స్పీకరును నడిపేది ట్యూబ్ కాదు, లోపల గోరంత చిప్పు. ట్యూబు ముందు చిన్న సిగ్నల్ దగ్గర పేరుకు పెడుతరు. నిజం ట్యూబ్ కాలితే నారింజ రంగు వస్తది, అదీ మందంగ. అంత వెలుగు రాదని కింద నీలి ఎల్ఇడి పెడుతరు. పాట వినడానికి అది చెడ్డదేం కాదు, బ్లూటూత్ యాంపు అనుకొని కొనుక్కుంటె పైసలు దండగ కావు. ట్యూబ్ యాంప్లిఫయర్ అనుకొని కొంటె మాత్రం మోసపోయినట్టే. 300 వాట్ల మాట సుత గట్లనే. అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు రాసుంటయి, గుణించుకోండ్రి. లోపలికి రాని కరెంటు బయటికి ఎట్ల పోతది?

మొదటిసారి కొనేటోళ్లకు నా మాట ఇఎల్84 దే. చానెల్‌కు ఒక్క ట్యూబ్ ఉంటే 5 వాట్ల దగ్గర, జత ఉంటే 10 దాటి వస్తది. ట్యూబులు ఇంకా తయారవుతున్నయి, రేటు భరించేటట్టు ఉంటది, పోతే మళ్ల దొరుకుతది. పైన చూస్తే మూడు ఇనుప దిమ్మలు కనిపించాలె, కరెంటుకు ఒకటి, రెండు చానెళ్లకు రెండు. వెనక స్పీకరు బిగించే కాడ 4, 8 అని వేరే వేరే ఉండాలె.

దానికంటే ముందు స్పీకరు చూడుండ్రి. స్పీకరు కాగితం మీద డెసిబెల్ అని ఒక నంబర్ ఉంటది. వాట్లు రెట్టింపు చేస్తే 3 డెసిబెల్ పెరుగుతది, అంతే. అంటే 84 ఉన్న స్పీకరుకు 40 వాట్లు ఇస్తే ఎంత శబ్దమో, 90 ఉన్నదానికి 10 వాట్లకే అంత వస్తది. చాలామంది 84 ది కొని, ట్యూబ్ యాంపుల దమ్ము లేదంటరు. నేనూ గట్లనే అన్న మొదటిది కొన్నప్పుడు. తప్పు స్పీకరుది, కాదు, నాదే. మా తమ్ముని నాయిన దగ్గర పాత రేడియోల పల్చటి కాగితం స్పీకర్లు ఉన్నయంట. అవి తక్కువ కరెంటుకే పలుకుతయి, బంగారం.

వోల్టేజి చూడకుంట ప్లగ్గు పెట్టకుండ్రి. ఇక్కడ సెకండ్ హ్యాండుల జపాన్‌వి వస్తయి, అవి 100 వోల్టులవి. ఇక్కడి 220-240 ల పెడితే పొగే. అమెరికావి 120, 60 సైకిళ్లవి. సౌదీల ఉన్నోళ్లు ఇంకా జాగ్రత్త, అక్కడ 60 సైకిళ్లు, పాత ఇండ్లల్ల 127 వోల్టులు సుత ఉండె. ఉత్త 60 కే చేసిన ట్రాన్స్‌ఫార్మర్ మన ఇంటి 50 సైకిళ్లకు పెడితే బాగ వేడెక్కుతది. వెనక ప్లేటు మీద 230, 50 అని ఉన్నదే ఇంటికి కొండవోవాలె. స్పీకరు పెట్టకుంట ఆన్ చేయద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతది. ఇంట్ల చిన్న పిల్లలుంటే ట్యూబుల మీద జాలి కప్పు ఉన్నదే కొనుండ్రి, గాజు చెయ్యి కాలుస్తది.

నిన్న సాయంత్రం ఇద్దరం పోయి ఒక సెకండ్ హ్యాండ్ షాపుల చూసినం. చైనాది, 6పి14 రెండు, ముందు చిన్న ట్యూబులు రెండు, మూడు దిమ్మలు, వెనక 230. షాపాయన 1,000 అన్నడు, 820 కి ఇచ్చిండు. మిగిలిన 80 ల ఒక జత ట్యూబులు అదనంగ తీసుకోమన్న. ఆన్ చేస్తే ఇరవై సెకండ్ల దాక సప్పుడు లేదు, తమ్ముడు నా దిక్కు చూసిండు. తర్వాత పాట వచ్చింది.

ట్యూబులు పీకి, ఏది ఏ సాకెట్‌దో పెన్సిల్‌తోని రాసుకొని, ఒక్కొక్కటి సాక్సుల పెట్టినం. అవి చేతి సంచిల పోతయి. మిగిలిన పెట్టెను తాసు మీద పెడితే 9 కేజీల 400. లగేజి 30 కేజీలే. ఖర్జూరాలా, పిల్లల చాక్లెట్లా, ఏవి తీసెయ్యాలె అని పొద్దటి సంది ఇంటోళ్లతోని ఫోన్ల లొల్లి నడుస్తున్నది. యాంపు గురించి ఇంట్ల ఇంకా చెప్పలేదు.